మా వదిన సంచి మార్చిన సంగతి

మా వదినను చాలామంది ఫోటోలావిడ అంటారు. ఎదురుగా అనరు, ఎదురుగా మేడమ్ అంటారు. ఈత కొలను దగ్గర పిల్లలకు మాత్రం ఈ మర్యాదలేవీ పట్టవు, నేరుగా సంచి మేడమ్ అనే పిలుస్తారు. వాళ్లను తప్పుపట్టడానికీ లేదు. భుజాన సంచి లేకుండా మా వదినను చూసినవాళ్లు బహుశా ముగ్గురమే, అందులో ఒకరు వదినే.

ఆ సంచి సంగతి ముందు చెప్పాలి. నల్లటి మందపాటి గుడ్డది, ఎడమ భుజానికి తగిలిస్తే నడుం దిగి వేలాడుతుంది. పనిలో ఉన్నంతసేపూ అది భుజం దిగదు. మిగతా ఫోటోగ్రాఫర్లు హాల్లోకి రాగానే సంచి ఓ కుర్చీలో పడేసి, ఏదైనా కావలసినప్పుడల్లా వచ్చి వెతుక్కుంటారు. మా వదినకు అది గిట్టదు. లెన్స్ మార్చాలన్నా, బ్యాటరీ మార్చాలన్నా నడుస్తూ నడుస్తూనే సంచిలో చెయ్యి పెట్టి, చూడకుండానే తీస్తుంది. అందుకే సంచి సర్దడం ఇంకొకరికి ఇవ్వదు, తాకనివ్వదు కూడా. కెమెరాకు స్టాండు వాడదు. "స్టాండు వేసి దాని కాళ్లు సర్దేలోపు నవ్వేవాళ్లు నవ్వేసి వెళ్లిపోతారు," అంటుంది. మనుషులు ఫోటో కోసం సర్దుకోకముందు ఒక క్షణం ఉంటుంది చూడండి, అది మా వదిన సొంతం.

నేను ఆవిడ ఆడపడుచును. స్టూడియో ముందు గదిలో కౌంటర్ నాది. పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించి కవర్లో పెట్టడం, ఫ్రేములు బిగించడం, ఆలస్యమైందని అరిచేవాళ్లకు సర్దిచెప్పడం నా పని. సర్దిచెప్పడం నాకు చేతకాదు. నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి సాధారణంగా ఇద్దరం కలిసే అరుచుకుంటాం. లోపలి గదిలో కంప్యూటర్ ముందు మా అన్నయ్య కూర్చుంటాడు. ఒకప్పుడు బయటి పనులకు ఆలుమగలిద్దరూ కలిసే వెళ్లేవాళ్లు, చెరో కెమెరా, చెరో సంచి. అన్నయ్యకు నడుం దెబ్బతిని ఆపరేషన్ అయ్యాక కుర్చీకే అంటుకుపోయాడు. అప్పట్నుంచి బయటిదంతా వదినే చూసుకుంటోంది. కెమెరా కార్డు తెచ్చి అన్నయ్యకు ఇస్తుంది, తను రంగులు సరిచేసి ప్రింట్లు తీస్తాడు, నేను కవర్లో పెడతాను. ఏళ్ల తరబడి ఇదే వరస.

మా వదినకు ఒక గొప్ప ఉంది, తన కన్ను తిన్నగా చూస్తుందని. ఎవరింటికి వెళ్లినా ముందు గోడ మీది ఫ్రేము సరిచేసి, తర్వాత కుర్చీలో కూర్చుంటుంది. ఇంకో స్టూడియో వాళ్ల ఫోటో వెంట్రుకవాసి ఒరిగి కనిపించిందంటే, "పడవలో నిలబడి తీశాడా పాపం," అని జాలిపడుతుంది. ఆ జాలి తిట్టుకన్నా ఘాటుగా ఉంటుంది.

అలాంటి మనిషికి ఎడమ చెయ్యి తిమ్మిరెక్కడం మొదలైంది. మొదట చిటికెన వేలు, తర్వాత పక్క వేలు, తర్వాత మోచెయ్యి దాకా. మాకు చెప్పలేదు. ఒక ఆఫీసులో రిటైరవుతున్న పెద్దాయన మాట్లాడుతుంటే కెమెరా చేతిలోంచి జారిపోయింది. మెడలో పట్టీ ఉండబట్టి నేల తాకలేదు. ఆవేళ వదిన ఇంటికొచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"జారినట్టే తెలియలేదు. చెయ్యి ఉందో లేదో కూడా తెలియలేదు," అంది.

డాక్టరమ్మ దగ్గరకు నేనే లాక్కెళ్లాను. ఆవిడ వదిన చేత రెండు చేతులూ పైకి ఎత్తించింది. ఎడమది సగంలో ఆగిపోయింది. మెడ దగ్గర నొక్కి చూసి, పక్కనున్న సంచిని ఒక చేత్తో ఎత్తబోయి, ఎత్తలేక వదిలేసింది.

"ఇది రోజూ మోస్తున్నారా?"

"పని ఉన్న రోజుల్లో."

"పని లేని రోజులు ఉంటాయా?"

వదిన వేళ్ల మీద లెక్కపెట్టబోయి మానేసింది.

"ఇక ఈ భుజం మీద బరువు పడకూడదండీ. ఇలాగే మోస్తే ఈ చెయ్యి పైకి లేవదు. కెమెరా మాట అటుంచండి, జుట్టు కూడా దువ్వుకోలేరు. మోసే పద్ధతి మార్చండి, లేదంటే పని మానుకోండి. అసలు ఇందులో సామాను తగ్గించడం కుదరదా?"

"కుదరదండీ. అన్నీ కావాలి," అంది వదిన.

పని మానుకోవడం అంటే మా వదినకు ఏమిటో డాక్టరమ్మకు తెలియదు. ఇంట్లో ఆవిడ మామూలు మనిషి. టీలో చక్కెర మర్చిపోతుంది, తాళాలు పారేసుకుంటుంది, పక్కింటివాళ్లతో రెండు మాటలు మాట్లాడి మూడో మాటకు దిక్కులు చూస్తుంది. కెమెరా పట్టుకుందంటే వేరే మనిషి. ముక్కూ మొహం తెలియని జనం మధ్య దూరి, అడ్డమొచ్చినవాళ్లను సుతారంగా పక్కకు జరిపి, ఎవరూ నొచ్చుకోకుండా తన పని తను చేసుకుపోతుంది. అది పోతే మా వదిన మా వదినలా మిగలదని నాకు భయం వేసింది. ఆవిడ భయమూ అదే. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మోసే పద్ధతి మార్చమంది సరే, ఏ పద్ధతి అన్నది డాక్టరమ్మ చెప్పలేదు. దాంతో చెప్పేవాళ్లు ఎక్కువైపోయారు. నలుగురూ నాలుగు మాటలు చెబితే మా వదిన నాలుగూ వింటుంది, అదీ ఆవిడతో వచ్చిన చిక్కు.

సంచుల షాపతను వీపుకు తగిలించుకునేది చూపించాడు. "రెండు భుజాలకూ సమంగా పడుతుందండీ. కొండలెక్కేవాళ్లంతా ఇదే వాడతారు," అన్నాడు. మా వదిన కొండలెక్కదు, పుట్టినరోజులకు వెళుతుంది. అయినా తీసుకుంది. మొదటి పని ఒక చిన్నపాప పుట్టినరోజు. లెన్స్ కావాలంటే సంచి వీపు మీంచి దించాలి, ముందుకు తిప్పుకోవాలి, జిప్పు లాగాలి. ఆవిడ జిప్పుతో కుస్తీ పడుతుంటే పాప కొవ్వొత్తి ఆర్పేసి, కేకులో చెయ్యి పెట్టేసి, ఏడుపు కూడా మొదలుపెట్టింది. తల్లి కొవ్వొత్తి మళ్లీ వెలిగించిందిగానీ, రెండోసారి ఆర్పేటప్పటి మొహం వేరు కదా.

భుజం మాత్రం నొప్పెట్టలేదు. ఆ సంతోషం సాయంత్రం వరకే నిలిచింది. కార్డు కంప్యూటర్లో పెట్టిన అన్నయ్య లోపల్నుంచి కేకేశాడు.

"ఏమిటివి, అన్నీ ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి?"

వదినా నేనూ వెళ్లి చూశాం. బల్ల, తలుపు, కేకు, పాప, అన్నీ కుడివైపుకు కొద్దిగా ఒరిగి ఉన్నాయి. నాలాంటి దానికి చెబితే తప్ప తెలియదు. వదిన మాత్రం చూడగానే కుర్చీ వీపు పట్టుకుంది.

"వీపు మీద బరువు కొత్త కదా, లాగేస్తోందేమో," అన్నాడు అన్నయ్య. ఆ రోజుకు ఒక్కొక్కటీ కూర్చుని సరిచేశాడు. వదిన వీపు సంచిని మంచం కిందికి తోసేసింది.

మా పక్క షాపు టైలర్ మాస్టారికి విషయం తెలిసింది. నేను చెబితేనే తెలిసింది. ఆయన మెడలో టేపుతో వచ్చి వదిన నడుం కొలుచుకుని వెళ్లాడు. "భుజాల జోలే వద్దమ్మా, బరువంతా నడుముకు దించేద్దాం," అని వెడల్పాటి బెల్టు కుట్టి, చుట్టూ చిన్న చిన్న సంచులు, వెనక ఒక పొడుగాటి గొట్టం లాంటిదీ బిగించాడు. అది కట్టుకుంటే మా వదిన అన్నివైపులా పెరిగింది. ఒక హాల్లో కుర్చీల వరసల మధ్య నడిచింది. ముందు వరసలో గ్లాసు పడేసి, క్షమించమని అటు తిరిగేసరికి వెనక వరసలో ఒకాయన కళ్లజోడు ఎగిరిపోయింది. ఇంటికొచ్చాక బెల్టు విప్పి, "బాగానే ఉంది, నడవకుండా ఉంటే," అంది. ఆ ఫోటోలూ ఒరిగే వచ్చాయి. అదే వైపు, అంతే మేర.

తర్వాత అన్నయ్య స్నేహితుడు, వీడియోలు తీసేవాడు, ఒళ్లంతా జేబులున్న కోటు ఒకటి తెచ్చిచ్చాడు. ఏ జేబులో ఏం పెట్టిందో వదినకు ఒక్కసారీ గుర్తురాలేదు. చీమలు పాకినట్టు ఒళ్లంతా తడుముకుంటూ తిరిగింది. బ్యాటరీ అనుకుని ఎవరికో లెన్స్ మూత ఇచ్చింది. ఒక పెద్దావిడ దగ్గరకొచ్చి, "ఏమైనా పోయిందా అమ్మా?" అని తనూ వెతకడానికి వంగింది. ఫోటోల సంగతి చెప్పనక్కర్లేదు, ఒరిగాయి.

ఆఖరికి సంచుల షాపతనే మళ్లీ ఆదుకున్నాడు. ఈసారి పట్టీలు. రెండు భుజాల మీంచి వచ్చి వీపు మీద అడ్డంగా కలుసుకుంటాయి. ఒక్కో తుంటి దగ్గరా ఒక్కో కెమెరా వేలాడుతుంది, చెయ్యి వేస్తే పైకొస్తుంది, వదిలేస్తే కిందికి జారి నిలబడుతుంది. మిగతా సామానుకు వెనక నడుం మీద ఒక సంచి. వదిన వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. చేతులు రెండూ పైకి ఎత్తింది. ఎడమది చెవి దాకా వెళ్లింది. నేను చప్పట్లు కొట్టాను.

పని నుంచి వచ్చినప్పుడు చెప్పులు విప్పకముందే, "భుజం ఉన్నట్టే తెలియలేదే," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

అన్నయ్య కార్డు పెట్టాడు. ముగ్గురం తెర వైపు చూశాం. అన్నీ ఒరిగే ఉన్నాయి.

ఇక అక్కణ్నుంచి మా ఇంట్లో ఎవరికీ ఏమీ పాలుపోలేదు. వదిన కెమెరా వెనక చిన్న తెరలో చూసుకుని, "ఇందులో తిన్నగానే ఉన్నాయి కదా," అంటుంది. "అంత చిన్నదాంట్లో ఏం తెలుస్తుంది," అంటాడు అన్నయ్య. ఇద్దరూ నన్ను చూస్తారు. నేను మాత్రం ఏం చెప్పను? కళ్లలో తేడా వచ్చిందేమోనని కళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లొచ్చింది. కళ్లు భేషుగ్గా ఉన్నాయన్నాడు ఆయన. మరి నేలలోనే తేడా ఉందేమోనని వంటింటి గచ్చు మీద గోళీ దొర్లించింది. గోళీ కదల్లేదు. గోడ మీది ఫ్రేములు ఒకసారి సరిచేసి, దూరంగా నిలబడి చూసి, మళ్లీ వెళ్లి ముందున్నట్టే పెట్టేసేది. ఎవరింటికైనా వెళితే గోడల వైపు చూడడమే మానేసింది. ఎంత ఏడిపించినా తిరిగి అంటించే మనిషి, ఇప్పుడు నేను ఏమన్నా "అవును" అంటోంది.

"పాత సంచి వేసుకుని ఒకసారి తీసి చూడు, తేలిపోతుంది," అన్నాడు అన్నయ్య.

తేలిపోయింది. వద్దన్నా వినకుండా పాత సంచి తగిలించుకుని ఒక చిన్న పనికి వెళ్లొచ్చింది. ఫోటోలు గీత గీసినట్టు తిన్నగా వచ్చాయి. ఒక్కటంటే ఒక్కటి ఒరగలేదు. ఆ రాత్రి అన్నం కుడిచేత్తో తింటూ, ఒడిలో పడి ఉన్న ఎడమచేతిని వేరేవాళ్లదాన్ని చూసినట్టు చూసుకుంది.

అంటే ఏమిటి? భుజం కావాలంటే ఫోటోలు వంకర. ఫోటోలు తిన్నగా రావాలంటే భుజం పోవాలి. ఇదెక్కడి లెక్కో ఎంత ఆలోచించినా మా ముగ్గురికీ అంతుపట్టలేదు. సంచికీ కంటికీ సంబంధం ఏమిటని డాక్టరమ్మను అడిగితే ఆవిడ కూడా తల గోక్కుని, "ఏళ్ల అలవాటు కదండీ, ఒళ్లు దానికే కుదురుకుని ఉంటుంది," అంది. డాక్టర్లకు తెలియనప్పుడు అలవాటు అంటారు.

ఇంతలో ఈత పోటీలు వచ్చాయి. ప్రతి ఏటా అవి మా వదినవే. కొలను కోచ్ ఇంకొకర్ని పిలవడు, పిల్లలు ఊరుకోరు. అంతకుముందు పాత సంచి చేసిన నిర్వాకానికి ఎడమచెయ్యి పైకి లేవడం లేదు కాబట్టి, వదిన పట్టీలే వేసుకుని వెళ్లింది. పోటీ ఫోటోలు మర్నాటికల్లా కావాలి. అన్నయ్యకు నడుంనొప్పి తిరగబెట్టి ఎక్కువసేపు కూర్చోలేకపోయాడు. అన్నీ సరిచేసే ఓపిక లేక, రంగులు చూసి అలాగే ప్రింట్లు తీసేశాడు. పుట్టినరోజు కేకు కొంచెం ఒరిగితే ఎవరూ పట్టించుకోరు. నీళ్లు ఒరిగితే మాత్రం గుడ్డివాడికి కూడా తెలుస్తుంది.

కోచ్ ప్రింట్ల కవరుతో వచ్చి నా కౌంటర్ మీద పరిచాడు. ఆయన అరిచే రకం కాదు. అరిచి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

"చూడండి, నా కొలనులో నీళ్లన్నీ కుడి గట్టు మీంచి కారిపోయేట్టున్నాయి. వీళ్లు పల్లంలోకి ఈదారు కాబట్టి గెలిచారని అవతలి జట్టువాళ్లు పేచీ పెడతారేమో," అని నవ్వాడు. మేం నవ్వలేదు. ఆయనా నవ్వు ఆపేసి, వదిన వైపు చూడకుండా, "మీకు ఒంట్లో బాగుండటం లేదని విన్నాను మేడమ్. వచ్చేసారికి ఇంకెవరినైనా చూడమంటే చూస్తాను. మీరు విశ్రాంతి తీసుకోండి," అన్నాడు.

ఆయన వెళ్లాక వదిన పట్టీలు విప్పి నా బల్ల మీద పెట్టింది.

"ఇది షాపులో తిరిగి ఇచ్చెయ్. నేను పాతదే వేసుకుంటాను."

"చెయ్యి పోతుందన్నారు కదా."

"పోయేదాకా తీస్తాను. తర్వాత సంగతి తర్వాత."

"నీకేమైనా మతిపోయిందా వదినా? చెయ్యి పోయాక ఏం తీస్తావు?"

"మరేం చెయ్యమంటావే? వంకర ఫోటోలు తీసి అందరూ నా మీద జాలిపడేలా చేసుకోనా?" అంది. లోపలి గదిలోంచి అన్నయ్య కుర్చీ కిర్రుమన్న చప్పుడు వచ్చింది, మాట మాత్రం రాలేదు. నాకు ఆ క్షణాన అన్నయ్య మీదే ఎక్కువ కోపం వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం, ఈతలో గెలిచిన ఒక పిల్ల తల్లి వచ్చింది. వాళ్లమ్మాయి గోడను తాకిన ఫోటో ఒక్కటి ఇప్పుడే కావాలంది. బస్సుకు టైమవుతోందట, పిల్ల అమ్మమ్మకు తీసుకెళ్లాలట. అన్నయ్య లోపల పడుకుని ఉన్నాడు. నొప్పి మాత్ర వేసుకుని అప్పుడే కన్ను మూశాడు, లేపబుద్ధి కాలేదు. ఆ కంప్యూటర్ నాకు అర్థం కాదు. నా పక్కన పాస్‌పోర్టు ఫోటోలు తీసే చిన్న ప్రింటర్ ఉంది, కార్డు నేరుగా పెట్టినా తీసుకుంటుంది. వదిన కెమెరాలోంచి కార్డు తీసి అందులో గుచ్చాను. ఫోటో వెతికి మీట నొక్కాను. పేపరు సరిగ్గా పడకపోతే ఎలాగని రెండు కొట్టాను. ఆవిడ ఒకటి తీసుకుని, "నీళ్లు భలే వచ్చాయండీ," అని సంతోషంగా వెళ్లిపోయింది.

నీళ్లు భలే రావడమేమిటని రెండోది చేతిలోకి తీసుకున్నాను. పిల్ల చెయ్యి గోడ మీద ఉంది, మొహం ఇంకా నీళ్లలోంచి పూర్తిగా రాలేదు, గెలిచినట్టు ఇంకా తనకు తెలియదు. వెనక నీళ్లు బల్లపరుపుగా ఉన్నాయి.

కోచ్ వదిలేసి వెళ్లిన కవరు తెరిచి అదే ఫోటో వెతికాను. అందులో నీళ్లు ఒరిగి ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టాను. అదే పిల్ల, అదే చెయ్యి, అదే నీటి తుంపర. పేపరు వంకరగా కత్తిరించానేమోనని అంచులు కలిపి చూశాను. తలకిందులు చేసి చూశాను. నా తల తిరిగిపోయింది.

"వదినా," అని పిలిచాను. ఆవిడ వంటింట్లోంచి తడిచేతులతో వచ్చింది. రెండు ఫోటోలూ చూపించాను. తడి అంటుకుంటుందని చేతులు వెనక్కి పెట్టుకుని, వంగి, చాలాసేపు చూసింది.

"ఇది ఎవరు తీశారు?"

"నువ్వే."

"ఇది?"

"అదీ నువ్వే. ఒకే ఫోటో వదినా. ఇది అన్నయ్య కంప్యూటర్లోంచి వచ్చింది, ఇది నా ప్రింటర్లోంచి వచ్చింది."

ఇద్దరం వెళ్లి అన్నయ్యను లేపాం. పాపం పుణ్యం ఏమీ చూడలేదు. అన్నయ్య గోడ పట్టుకుని వచ్చి, రెండు ఫోటోలూ చూసి, నా ప్రింటరే తప్పు అన్నాడు. నేను తిరగబడ్డాను. పాస్‌పోర్టు ఫోటోల్లో ఇప్పటిదాకా ఎవరి తలైనా ఒరిగిందా అని అడిగాను. అన్నయ్య కంప్యూటర్ ముందు కూర్చుని, కార్డు పెట్టి, ఏవేవో తెరుచుకుంటూ పోయాడు. ఒకచోట చెయ్యి ఆగింది. తెర మీద చిన్న అక్షరాల్లో "ఆవిడ" అని ఒక సెట్టింగు పేరు ఉంది.

"ఇది ఇంకా ఉందా," అన్నాడు తనలో తను అనుకున్నట్టు.

"ఏది?" అంది వదిన.

"నా ఆపరేషన్ అయిన కొత్తలో పెట్టాను. కంప్యూటర్ మార్చినప్పుడు పోయిందనుకున్నాను. మెకానిక్ అన్నిటితోపాటు దీన్ని కూడా ఇందులోకి ఎక్కించినట్టున్నాడు."

"ఏం చేస్తుందది?"

"నీ కార్డు పెట్టగానే ఫోటోలన్నిటినీ కొంచెం తిప్పుతుంది. కుడివైపుకు."

"ఎందుకు తిప్పడం?"

అన్నయ్య మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. వదినకు అంతకన్నా ముందే అర్థమైందని మొహం చూస్తే తెలిసింది.

"అంటే అప్పట్నుంచీ నావన్నీ వంకరేనా?"

"అప్పుడు ఒరిగి వచ్చేవి. దీన్ని పెట్టాను. కంప్యూటర్ మార్చాక ఇది లేదనే అనుకున్నాను, అయినా తిన్నగానే వస్తున్నాయి. నువ్వే సర్దుకున్నావనుకున్నాను. నిజం. నాకు తెలియదు ఇది ఇంకా పనిచేస్తోందని."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదండీ. అందరి ఫోటోలకూ వంకలు పెట్టుకుంటూ తిరిగాను. ఊరి గోడలన్నీ నేనే సరిచేశాను."

"ఏమని చెప్పను?" అన్నాడు అన్నయ్య. తెర వైపే చూస్తున్నాడు. "నేను మంచం ఎక్కాను. నా సంచి సామాను కూడా నీ సంచిలోనే కుక్కుకుని, నీ భుజానే వేసుకుని వెళ్లావు. ఆ నెలలోనే ఫోటోలు ఒరగడం మొదలైంది. నా బరువు నువ్వు మోస్తూ ఉంటే, వంకరగా నిలబడుతున్నావని నిన్నే అనాలా?"

వదినకు కోపం వచ్చిందో, ఏడుపొచ్చిందో, సిగ్గేసిందో తెలియలేదు. తనకూ తెలిసినట్టు లేదు. కుర్చీ పట్టుకుని నిలబడి, "ఆగండి," అని, ఎవరూ ఎక్కడికీ వెళ్లడం లేదని చూసి, తనే గదిలోకి వెళ్లింది. పాత సంచి, పట్టీల వెనక సంచి, రెండూ తెచ్చి నా కౌంటర్ మీద పెట్టింది. నాకు తెలిసి మొదటిసారి మా ముందు సామాను బయటికి తీసింది. తన లెన్సులు, తన ఫ్లాష్, బ్యాటరీలు ఒక పక్కన పెట్టింది. అది చిన్న కుప్పే. రెండో పక్కన అన్నయ్య పాత ఫ్లాష్ పెట్టింది. అన్నయ్య బ్యాటరీల పెట్టె పెట్టింది. చివరికి అన్నయ్య పొడుగు లెన్స్ రెండు చేతులతో తీసి పెట్టింది. మోచేతి పొడుగున, ఇనుప గొట్టంలా ఉంది. రెండో కుప్ప మొదటిదానికన్నా చాలా పెద్దది.

ఎలా మోయాలా అని సంచుల షాపుకూ, టైలర్ దగ్గరికీ, ఇద్దరు డాక్టర్ల దగ్గరికీ తిరిగాం, ఏం మోస్తున్నావని మాత్రం ఎవరం అడగలేదు. డాక్టరమ్మ ఒక్కతే అడిగింది, అన్నీ కావాలంటే మేం నమ్మేశాం.

"ఇది నువ్వు వాడవు కదా," అన్నాడు అన్నయ్య లెన్స్ మీద చెయ్యి వేసి. "ఇప్పుడున్న కెమెరాలకు ఇది పట్టదు కూడా."

"పట్టదు."

"మరి ఎందుకు మోస్తున్నావు?"

"తీసి బీరువాలో పెట్టేస్తే, మీరిక రారని నేనే తేల్చేసినట్టవుతుంది కదండీ," అంది వదిన.

అన్నయ్య చాలాసేపు లెన్స్ మీంచి చెయ్యి తియ్యలేదు. నాకు ఏడుపొచ్చింది, ఇద్దరి మీదా కోపం కూడా వచ్చింది. ఒకే ఇంట్లో ఒకే బల్ల దగ్గర అన్నం తింటూ, ఒకరి కోసం ఒకరు ఇంత దాచుకుని, ఆఖరికి భుజం మీదికి తెచ్చుకున్నారు. ఎవరిని తిట్టాలో తెలియక ప్రింటర్ మూత గట్టిగా మూశాను.

"నేనిక రానులే," అన్నాడు అన్నయ్య. ఆ మాట ఇన్నేళ్లలో ఎవరూ అనలేదు, తనూ అనలేదు. "నాకు తెలుసు. నీకూ తెలుసు." లెన్స్‌ను గుండెకు ఆనించి పట్టుకుని, నెమ్మదిగా బీరువా దాకా నడిచాడు. వంగలేడు కాబట్టి మధ్య అరలో చీరలు పక్కకు జరిపి పెట్టాడు. మేమిద్దరం సాయానికి వెళ్లలేదు. తలుపు వేసి వచ్చి, కంప్యూటర్లో "ఆవిడ" అన్నదాన్ని తీసేశాడు.

తర్వాతి పని ఒక లైబ్రరీలో. పొద్దున వదిన పట్టీలు వేసుకుంది, రెండు తుంటుల దగ్గరా కెమెరాలు, నడుం మీద చిన్న సంచి, అంతే. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. ఎడమ భుజం మీద చెయ్యి వేసుకుని, అక్కడ పట్టీ తప్ప ఏమీ లేదని చూసుకున్నట్టు రెండుసార్లు తడుముకుంది. కళ్లు నిండి ఉన్నాయి.

"ఏమైంది వదినా, నొప్పా?" అన్నాను.

"నొప్పి లేదు," అంది. "అదేమిటో, ఏడుపెందుకొస్తోందో తెలియడం లేదే."

నాకూ తెలియలేదు. చేతిలో ఉన్న గుడ్డ ఇచ్చాను, ఫ్రేములు తుడిచేది. దాంతోనే మొహం తుడుచుకుని, బస్సుకు టైమైందని వెళ్లిపోయింది.